బటన్ చాకు కొనే ముందు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

రోజూ జేబులో పెట్టుకుని తిరిగే మడత చాకుల గురించి, ముఖ్యంగా బటన్ నొక్కగానే తెరుచుకునే ఆటోమేటిక్ చాకుల గురించి, కొంత తెరిస్తే మిగతా దూరం స్ప్రింగు సాయంతో తెరుచుకునే అసిస్టెడ్ చాకుల గురించి, మీ పాఠకులకు కొన్ని విషయాలు తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి ఉక్కు, స్ప్రింగు, లాకు నాకు వృత్తిరీత్యా పరిచయమైనవే. మా గోదావరి ప్రాంతం నుంచి అమెరికా, కెనడా, ఇంగ్లండు వెళ్ళిన పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు తండ్రికో మేనమామకో ఇటువంటి చాకు కానుకగా తెస్తున్నారు. ఇక్కడి కుర్రవాళ్ళు వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. కొనబోయేవారు నన్ను మొదట అడిగేది ఏది వేగంగా తెరుచుకుంటుందని. నా దృష్టిలో అది అన్నిటికన్నా చివర అడగవలసిన ప్రశ్న. జేబులో ఉన్నంతసేపు మూసుకునే ఉంటుందా, పని చేసేటప్పుడు వేళ్ళ మీదికి మడతపడకుండా నిలుస్తుందా, పని అయ్యాక క్షేమంగా మూయగలమా, మనం తిరిగే చోట దానిని చట్టం ఒప్పుకుంటుందా అన్నవి తేలాకే వేగం సంగతి.

ఈ రెండు రకాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ లోపలి పనితీరు వేరు. బటన్ చాకులో బ్లేడు మూసి ఉన్నప్పుడే స్ప్రింగు బిగుసుకుని ఉంటుంది. బ్లేడును బయటికి తెరవాలని అది అనుక్షణం ఒత్తుతూనే ఉంటుంది. దానిని ఆపేది బటన్ అడుగున ఉండే చిన్న ఉక్కు ముక్క ఒక్కటే. బటన్ నొక్కితే ఆ ముక్క గాడిలోంచి తప్పుకుంటుంది, బ్లేడు పూర్తిగా తెరుచుకున్నాక మరో గాడిలో పడి దానిని నిలబెడుతుంది. అసిస్టెడ్ చాకులో ఇందుకు భిన్నంగా, మూసి ఉన్నంతవరకు స్ప్రింగు ఒత్తిడి బ్లేడును మూసి ఉంచే వైపే పనిచేస్తుంది. బ్లేడు మీది చిన్న మేకును బొటనవేలితో గానీ, వెనక పొడుచుకువచ్చిన రెక్కను చూపుడువేలితో గానీ నెట్టి కొంతదూరం తెరిస్తే, ఒక మలుపు దాటాక అదే స్ప్రింగు తెరిచే వైపుకు తిరుగుతుంది. అమెరికాలో కెన్ ఆనియన్ అనే రూపకర్త కెర్షా సంస్థకు చేసిపెట్టిన 'స్పీడ్‌సేఫ్' అనే ఏర్పాటు 1990ల చివర్లో వచ్చాక ఈ రకం బాగా వ్యాపించింది. అందులో ఉండేది చుట్ట స్ప్రింగు కాదు, వంచిన సన్నని ఉక్కు కడ్డీ.

జేబులో భద్రత అనే విషయానికి వస్తే ఈ తేడాయే అసలైనది. బటన్ చాకు ఉన్న జేబులోనే తాళంచెవుల గుత్తి ఉండి, మోటారుసైకిల్ మీద కూర్చున్నప్పుడు తొడకూ పెట్రోలు ట్యాంకుకూ మధ్య జేబు నలిగితే, ఆ బటన్ నొక్కుకోవడం అసాధ్యమేమీ కాదు. అందుకే మంచి తయారీదారులు బటన్‌ను పిడి ఉపరితలం కన్నా లోపలికి ఉండేలా అమర్చుతారు, లేదా పక్కన జరిపే సేఫ్టీ మీట పెడతారు. ఈ రెండిటిలో ఒక్కటీ లేని బటన్ చాకును ఎంత చవకగా వచ్చినా కొనవద్దని నా గట్టి సలహా. సేఫ్టీ మీట ఉన్నా, అది వదులుగా జారిపోతుంటే లేనట్టే లెక్క. అసిస్టెడ్ చాకు ఈ విషయంలో మెరుగు, ఎందుకంటే దానిని తెరవడానికి బ్లేడునే కొంతదూరం కదపాలి. అయినా వెనక రెక్క బాగా పొడుచుకువచ్చిన చాకులలో ఆ రెక్క జేబు అంచుకు తగులుకుని తెరుచుకునే ప్రమాదం ఉంది. కెర్షా వారి 'లీక్' అనే 3 అంగుళాల చాకుకు మొన దగ్గర ఒక చిన్న జారుడు లాకు అదనంగా పెట్టడానికి కారణం ఇదే. జేబు అడుగున చాకును వదులుగా పడేయకుండా, క్లిప్పుతో జేబు అంచుకు, తెరుచుకునే వైపు జేబు కుట్టుకు ఆనుకునేలా తగిలించుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

కొనేవారు దాదాపు ఎప్పుడూ పట్టించుకోనిది మూయడం. ఒక్క చేత్తో క్షణంలో తెరుచుకునే బటన్ చాకును మూయాలంటే, బటన్ నొక్కిపట్టి, స్ప్రింగు పూర్తి బలానికి ఎదురుగా బ్లేడును వెనక్కి నెట్టాలి. ఆ పనికి సాధారణంగా రెండో చెయ్యి కావాలి. అసిస్టెడ్ చాకులోనూ మూసేటప్పుడు మలుపు దాటేవరకు స్ప్రింగు ఎదురుతిరుగుతుంది. దానికి తోడు ఎక్కువ అసిస్టెడ్ చాకులకు ఉండేది లైనర్ లాకో (పిడి లోపలి రేకు పక్కకు వంగి బ్లేడు వెనక ఆనేది) ఫ్రేమ్ లాకో (పిడి పక్కభాగమే అలా ఆనేది) కాబట్టి, ఆ లాకును పక్కకు జరపడానికి బొటనవేలిని బ్లేడు దిగివచ్చే దారిలోనే ఉంచవలసి వస్తుంది. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని నిలబడే ఎలక్ట్రీషియన్‌కు, చెట్టు కొమ్మ పట్టుకుని పనిచేసే తోటమాలికి ఒంటిచేత్తో తెరవడం ఎంత అవసరమో ఒంటిచేత్తో మూయడమూ అంతే అవసరం. తెరిచిన చాకును నోట కరుచుకోవడమో, అలాగే జేబులో దోపుకోవడమో చేసేది మూయడం కష్టమైనప్పుడే. అటువంటివారికి స్ప్రింగు లేకుండా, బొటనవేలితో తెరిచే మేకో రంధ్రమో ఉండి, వేళ్ళు బ్లేడు దారిలోకి రాకుండా మూయగలిగే లాకు ఉన్న మామూలు మడత చాకు ఈ రెండిటికన్నా మేలని నేను చెబుతాను.

పిడి ముందువైపు నుంచి బ్లేడు తిన్నగా బయటికి దూసుకువచ్చే రకం ఇంకొకటి ఉంది. వీడియోలలో కుర్రవాళ్ళను ఎక్కువగా ఆకర్షించేది అదే. అందులోని ఒక రకంలో ఒకే మీటతో బ్లేడు బయటికీ వస్తుంది, లోపలికీ పోతుంది కాబట్టి మూసేటప్పుడు వేలు తెగే భయం నిజంగానే తక్కువ. కానీ బ్లేడు జారడానికి లోపల ఖాళీ ఉండాలి కాబట్టి తెరిచాక కొంచెం ఆడుతుంది. బయటికి వచ్చేటప్పుడు దేనికైనా తగిలితే మధ్యలోనే పట్టు తప్పి ఆగిపోతుంది. ముందు తెరిచి ఉండే సందులోంచి దుమ్ము, నూలు పోగులు లోపలికి చేరతాయి. సిమెంటు, వరి ఊక, కొబ్బరి పీచు మధ్య పనిచేసేవారికి ఇది తగిన పనిముట్టు కాదు.

కొనే ముందు చేతిలోకి తీసుకునే వీలుంటే చాకును తెరిచి, వేళ్ళు బ్లేడు దారిలో లేకుండా పిడిని పక్కల నుంచి పట్టుకుని, బ్లేడును పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ కదిపి చూడాలి. పక్కలకు వెంట్రుకవాసి ఆడితే స్క్రూ బిగించుకోవచ్చు. పైకీ కిందికీ ఆడితే మాత్రం లాకు సరిగా కూర్చోవడం లేదని అర్థం, అటువంటిది తీసుకోకూడదు. స్ప్రింగు బలంగా ఉన్న చాకులో బ్లేడు ప్రతిసారీ వేగంగా వచ్చి, దానిని ఆపడానికి పిడిలో ఉండే మేకును కొడుతుంది కాబట్టి, కాలం గడిచే కొద్దీ ఈ అరుగుదల మామూలు చాకులో కన్నా ఎక్కువ. సరదాకు పదేపదే తెరిచి మూసేవారి చాకులు పని చేయకుండానే వదులైపోవడానికి కారణం ఇది. అసిస్టెడ్ చాకులో స్ప్రింగు విరిగినా అది మామూలు మడత చాకులా పనికివస్తుంది. బటన్ చాకులో విరిగితే బ్లేడును చేత్తో తెరవడానికి చాలావాటిలో పట్టే ఉండదు.

ఉక్కు గురించి నాకు చెప్పాలని ఉన్నది చాలా ఉంది గానీ అవసరమైనంత మేరకే రాస్తాను. చవక చాకుల మీద తరచుగా కనిపించే 8సిఆర్13ఎంఒవి అనే చైనా ఉక్కు త్వరగా మొద్దుబారినా సాన రాయి మీద తేలికగా పదునెక్కుతుంది. ఇంట్లో సాన పట్టుకోగలిగేవారికి అది చెడ్డదేమీ కాదు. స్వీడన్ నుంచి వచ్చే 14సి28ఎన్ తుప్పును బాగా తట్టుకుంటుంది, పదునును నిలుపుకుంటుంది. ఈ మధ్య చాలా చాకులకు వాడుతున్న డి2 మన టూల్‌రూముల్లో ప్రెస్ డైలు చేసే ఉక్కే. దానిలో క్రోమియం సుమారు 12 శాతం ఉన్నా, అందులో ఎక్కువ భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్ రూపంలో చిక్కుకుపోతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ అనదగినంత రక్షణ మిగలదు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వంటి సముద్రపు గాలి ఊళ్ళలో, చెమట పట్టే జేబులో, డి2 బ్లేడును నూనె గుడ్డతో తుడవకుండా వదిలేస్తే వానాకాలంలో మచ్చలు తేలతాయి. తెలంగాణ పొడి గాలిలో ఆ బాధ తక్కువ. రాక్‌వెల్ సి కొలతలో 58 నుంచి 60 వరకు గట్టిదనం జేబు చాకుకు సరిపోతుంది. నిమ్మకాయో మామిడికాయో కోశాక కడిగి, కీలు దగ్గర తడి ఆరేదాకా ఉంచి ఒక చుక్క నూనె వేయడం ఏ ఉక్కుకైనా అవసరమే. స్ప్రింగు ఉన్న చాకులకు మరీ అవసరం, ఎందుకంటే తడి, మట్టి లోపలే ఉండిపోయి మొదట పాడయ్యేది ఆ సన్నని స్ప్రింగే.

పని ఏమిటో ముందు తేల్చుకుంటే సగం గందరగోళం పోతుంది. పార్శిల్ టేపు, పురికొస, ఎరువుల బస్తా కుట్టు, డ్రిప్ పైపు, పండు, ఇవే మనలో ఎక్కువమంది జేబు చాకుతో కోసేవి. వీటికి 3 అంగుళాల లోపు బ్లేడు ధారాళంగా సరిపోతుంది. కడియం నర్సరీలలో అంటు కట్టేవారికి ఒకవైపే పదునున్న ప్రత్యేకమైన చాకు కావాలి, దానిని స్ప్రింగు చాకులలో వెతకడం వృథా. ఆత్మరక్షణ కోసం బటన్ చాకు కావాలని అడిగే కుర్రవాళ్ళకు నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను: గొడవలో తీసిన చాకు తీసినవాణ్ణే ముందు ఆసుపత్రికో, ఆ తరువాత పోలీసు స్టేషన్‌కో చేరుస్తుంది. పనిముట్టుగా కాక ఆయుధంగా ఎంచుకునేవారికి ఈ లేఖలో సలహా ఏదీ లేదు.

చట్టం విషయం కొంచెం వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే మన కుటుంబాలు ఇప్పుడు ఒక్క ఊళ్ళో ఉండేవి కావు. అమెరికాలో 1950లలో కుర్రకారు ముఠాల మీద పుట్టిన భయం ఫలితంగా 1958లో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, స్విచ్‌బ్లేడ్ చట్టం వచ్చింది (స్విచ్‌బ్లేడ్ అంటే బటన్ చాకే). అది బటన్ చాకుల అంతర్రాష్ట్ర వ్యాపారాన్ని నిషేధించింది; జేబులో పెట్టుకోవచ్చునా లేదా అన్నది రాష్ట్రాల చట్టాలకే వదిలింది. 2009లో అసిస్టెడ్ చాకులను కూడా దిగుమతి నిషేధం కిందికి తేవాలని అక్కడి కస్టమ్స్ విభాగం ప్రయత్నించగా కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, మూసి ఉండే వైపు ఒత్తిడి ఉండి, చేత్తో బ్లేడు మీద బలం ప్రయోగిస్తేనే తెరుచుకునే చాకులకు మినహాయింపు ఇచ్చింది. నేను పైన చెప్పిన లోపలి తేడాయే అక్కడ చట్టపరమైన సరిహద్దు అయింది. టెక్సస్ 2013లో బటన్ చాకుల మీద నిషేధం ఎత్తివేసింది. అక్కడ ఇప్పుడు కొన్ని స్థలాలలో మాత్రం 5.5 అంగుళాలు దాటిన బ్లేడు మీద ఆంక్ష ఉంది. కాలిఫోర్నియాలో బటన్ చాకు బ్లేడు 2 అంగుళాలు గానీ అంతకు మించి గానీ ఉంటే వెంట తీసుకువెళ్ళడం నేరం. న్యూజెర్సీలో న్యాయమైన కారణం చూపలేకపోతే బటన్ చాకు దగ్గర ఉండడమే నేరం. మసాచుసెట్స్‌లోనైతే నిషేధం చెల్లదని 2024లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. టెక్సస్‌లోని డాలస్‌లో నిశ్చింతగా కొన్న చాకుతో న్యూజెర్సీలోని ఎడిసన్‌కు ఉద్యోగం మారే మన పిల్లవాడు దారిలో ఎన్ని రాష్ట్రాలు దాటుతాడో అన్ని చట్టాల కిందికి వస్తాడు. ఫెడరల్ భవనాలలోకైతే ఏ రాష్ట్రంలోనైనా 2.5 అంగుళాల కన్నా చిన్న బ్లేడు ఉన్న జేబు చాకుకే మినహాయింపు.

ఇంగ్లండులో ఉన్న మన విద్యార్థులు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ బటన్ చాకుల తయారీ, అమ్మకం 1959 నుంచే నిషిద్ధం. 2019లో చేసిన ఆఫెన్సివ్ వెపన్స్ చట్టం ఆ నిర్వచనాన్ని విస్తరించి, కొంత తెరిచాక మిగతా దూరం తానే తెరుచుకునే చాకులను కూడా అందులోకి తెచ్చింది. 2021 నుంచి వాటిని ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. అంటే అమెరికా మినహాయించిన అసిస్టెడ్ చాకునే ఇంగ్లండు నిషేధించింది. సరైన కారణం చూపనవసరం లేకుండా అక్కడ బయట వెంట ఉంచుకోగలిగింది 3 అంగుళాలకు మించని, లాకు పడని మడత చాకు ఒక్కటే. కెనడాలో బటన్ చాకు నిషిద్ధ ఆయుధం. అన్నయ్య అమెరికా నుంచి పంపితే తమ్ముడు లండన్‌లో పోస్టులో అందుకునే వస్తువు కాదు ఇది.

మన దేశంలో 2016 ఆయుధ నియమాలు 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడు ఉన్న కత్తులను, గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు చేసినవి మినహా, ఆయుధాల పట్టికలో చేర్చాయి. ఈ కొలత చదివినవారు చిన్న బటన్ చాకుకు ఎక్కడా అడ్డు లేదనుకుంటారు. కానీ ఢిల్లీ పరిపాలన 1980లో ఇచ్చిన నోటిఫికేషన్ వేరుగా ఉంది: స్ప్రింగుతో, బటన్‌తో, మరే యాంత్రిక ఏర్పాటుతోనైనా తెరుచుకునే చాకు బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు గానీ అంతకు మించి గానీ ఉంటే అది నియంత్రణ పరిధిలోకి వస్తుంది. ఈ మాటల్లో అసిస్టెడ్ చాకు కూడా ఇమిడిపోతుంది. ఈ నోటిఫికేషన్ ఆధారంగా జేబులో చాకు దొరికినవారిపై ఆయుధ చట్టం కింద కేసులు పెట్టడం అక్కడ పరిపాటి. సివిల్స్ శిక్షణ కోసం హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి ఢిల్లీ వెళ్ళే మన పిల్లలు పండు కోసుకోవడానికని ఇటువంటి చాకు సంచిలో వేసుకుని రైలెక్కకూడదు. కేసులో ఇరుక్కున్న అభ్యర్థికి ఆ తరువాత పోలీసు వెరిఫికేషన్ ఎంత భారమో తల్లిదండ్రులకు తెలుసు. మన రెండు రాష్ట్రాలలోనూ నిమజ్జనాలకు, ఎన్నికలకు, బహిరంగ సభలకు ముందు పోలీసులు ఇచ్చే నిషేధాజ్ఞలలో కత్తులు పట్టుకు తిరగరాదన్న షరతు తరచుగా ఉంటుంది. తనిఖీలో మామూలు మడత చాకును చూసి వదిలేసే కానిస్టేబుల్ బటన్ చాకును చూస్తే వదలకపోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో చేసే చాకును రౌడీల చేతుల్లో పెట్టి సినిమాలు వేసిన ముద్ర అటువంటిది, దానితో వాదించి లాభం లేదు.

మన దేశంలోనూ అమెరికాలోనూ విమానం ఎక్కేటప్పుడు ఏ రకం జేబు చాకూ క్యాబిన్ సంచిలో పనికిరాదు. చెక్-ఇన్ పెట్టెలో సర్దుకోనిచ్చారంటే దిగే దేశంలోనూ అనుమతి ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. విమానాశ్రయ భద్రతా నియమం వేరు, చేరే ఊరి చట్టం వేరు. అమెరికా నుంచి తండ్రికి ఏదైనా తేవాలనుకునే పిల్లలకు నా సలహా, స్ప్రింగుతో తెరుచుకోని రకమే తీసుకోమని. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వారి చిన్న చాకులలో కత్తెర, స్క్రూడ్రైవర్ కూడా ఉంటాయి, మన ఇళ్ళలో నిజంగా పనికివచ్చేవి అవే. లాకు కావాలంటే ఫ్రాన్సు ఒపినెల్ వారి కర్ర పిడి చాకు ఉంది. పిడి కొసన ఉన్న ఉక్కు ఉంగరాన్ని తిప్పితే బ్లేడు నిలబడుతుంది, 1955 నుంచి ఆ ఏర్పాటు పెద్దగా మారకుండా నడుస్తోంది. దాని కార్బన్ ఉక్కు రకం కాక స్టెయిన్‌లెస్ రకం మన వాతావరణానికి నయం.

ఇంత చెప్పినా, బటన్ చాకు ఎవరికీ అక్కరలేదని నేను అనను. ఒక చెయ్యి కోల్పోయినవారికి, పక్షవాతంతో ఒక చెయ్యి స్వాధీనం తప్పినవారికి అది సౌకర్యం కాదు, అవసరం. అమెరికా 1958 చట్టంలోనే ఒక చెయ్యి మాత్రమే ఉన్న వ్యక్తి 3 అంగుళాలకు మించని బటన్ చాకును వెంట ఉంచుకోవచ్చునని మినహాయింపు రాశారు. వర్క్‌షాపులలో, చెరకు క్రషర్లలో, నూర్పిడి యంత్రాలలో చెయ్యి పోగొట్టుకున్నవారు మన మధ్య ఎందరో ఉన్నారు. వారి కోసం అటువంటి స్పష్టమైన వెసులుబాటు మన నియమాలలోనూ రాయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. వారికి ఎంచుకోవడంలో సాయపడేవారు బటన్ ఎంత తేలికగా నొక్కుకుంటుందో కాక, టేబుల్ అంచుకో తొడకో బ్లేడు వెన్నును ఆనించి అదే చేత్తో సురక్షితంగా మూయగలుగుతున్నారో లేదో దగ్గరుండి చూడాలని మనవి.

మీ పత్రికకు రెండు అభ్యర్థనలు. మొదటిది, మీ న్యాయ సలహాల శీర్షికలో చాకుల పొడవు, వెడల్పు, తెరుచుకునే తీరుకు సంబంధించిన నియమాలను ఒక న్యాయవాది చేత తెలుగులో రాయించి ప్రచురించండి. పండుగ రోజుల నిషేధాజ్ఞలు ఇచ్చేటప్పుడు ఏ పనిముట్టుకు మినహాయింపు ఉందో కూడా చెప్పమని రెండు రాష్ట్రాల పోలీసు శాఖలను అడగండి. రెండవది ఆన్‌లైన్ అమ్మకందార్ల గురించి. 'టాక్టికల్', 'సర్వైవల్' వంటి పేర్లతో అమ్మే చాకుల వివరాలలో స్ప్రింగు ఉందో లేదో, బ్లేడు ఎన్ని సెంటీమీటర్లో, ఏ ఉక్కో చాలాచోట్ల రాయరు. పిడితో కలిపి మొత్తం పొడవు మాత్రం పెద్దక్షరాలలో వేస్తారు. బ్లేడు పొడవు, వెడల్పు, తెరుచుకునే విధానం, లాకు రకం, ఉక్కు పేరు, ఈ వివరాలు లేని చాకును అమ్మకానికి పెట్టకుండా వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆదేశించేవరకు, అటువంటి వస్తువు ఇంటికి వస్తే పాఠకులు స్కేలుతో కొలిచి చూసుకుని, వివరాలతో సరిపోలకపోతే గడువులోగా వెనక్కి పంపాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఐ.టి.ఐ. శిక్షకుడు,
రాజమహేంద్రవరం